పదునెటు?

షెడ్డు,
సోమవారం

పెదనాన్నా,

ఇక్కడ అందరం క్షేమం. వెల్డరు కూడా బాగున్నాడు. నిన్న రోజంతా కలిపి మూడు మాటలు మాట్లాడాడు, అందులో రెండు ‘ఊఁ’. అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు. క్షేమసమాచారాలు పేజీ దాటితే నువ్వు చదవకుండా తిప్పేస్తావు కాబట్టి నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఆకుపచ్చ బండి వచ్చింది. లెక్కల టీచరమ్మది, గుర్తుందా? వారమంతా బడిలో భిన్నాలు చెప్పి, ఆదివారం వచ్చేసరికి వెయ్యి సీసీల బండెక్కి రేసు ట్రాకు మీద మగవాళ్ళని వెనక్కి నెట్టే ఆవిడ. పోయిన ఆదివారం మూడో వంపు తిరిగి, రెండో గేరులో గట్టిగా యాక్సిలరేటరు తిప్పేసరికి గేరు దానంతటదే ఊడిపోయిందట. ఇంజను గోల పెట్టింది, వెనక చక్రానికి బలం అందలేదు, మరుక్షణం మళ్ళీ పట్టుకుంది. ఆ కుదుపుకి బండి ఆవిడని ఎత్తి అవతల పడేసింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు.

అసలు గొడవ ఇది. ఆవిడే గేరు తప్పు వేసిందని ట్రాకు కమిటీ వాళ్ళు అంటున్నారు. అది నిజమైతే ఆవిడ లైసెన్సు రద్దు. సామాను అరిగిపోయి ఊడిందని తేలినా రద్దే, ఎందుకంటే అరిగిన సామాను చూసుకోవలసింది నడిపేవాళ్ళేనని వాళ్ళ నియమం. బండి బిగించిన షెడ్డువాళ్ళ తప్పని రుజువైతేనే ఆవిడ నిర్దోషి. నెల తిరిగేలోగా నేను రిపోర్టు రాసివ్వాలి.

నువ్వు ఫోనులో వినలేవు కనుక కాగితం మీదే వినిపిస్తాను. గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డు మీద నేనే నడిపి చూశాను. నెమ్మదిగా పోతే రెండో గేరు పిల్లిలా ఉంటుంది. గట్టిగా తిప్పితే లోపల కరకర, ఆ వెంటనే ఠక్కుమని ఊడుతుంది. మూడులో, నాలుగులో ఏమీ లేదు. నీ చెవులు బాగున్న రోజుల్లో అయితే కళ్ళు మూసుకుని రెండు నిమిషాల్లో చెప్పేసేవాడివి. ఇంత పెద్ద బండి రోగం నేనొక్కదాన్నే తేల్చడం ఇదే మొదటిసారి. భయంగా ఉంది, చెప్పేస్తున్నాను.

నీ
పదో నంబరు


చెల్లెలి ఇల్లు, మేడ మీది గది,
శుక్రవారం

పదో నంబరుకు దీవెనలు.

భయమైతే మంచిదే. భయం లేని మెకానిక్కు చేతిలో సుత్తి ఉంటుంది, భయం ఉన్నవాడి చేతిలో టార్చి ఉంటుంది.

ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ రాత చీమల బారు. నా రాత ఇంత పెద్దదైందేమిటని నవ్వకు, కాగితాలకు కొదవ లేదు. మీ అత్తయ్య ఫోను కొనిపెట్టి మెసేజీలు ఇమ్మంటోంది. ఆ అద్దం నా వేలిని గుర్తుపట్టదు, నేను దాన్ని గుర్తుపట్టను. అక్కడికి చెల్లు. పొయ్యి మీది గ్లాసు బట్ట లేకుండా అలాగే పట్టుకుంటున్నానని కూడా తిడుతోంది. మేస్త్రీ చేతులు అంతేనే అని చెప్పాను.

ఇక బండి. నువ్వు ‘కరకర’ అని రాశావు. బాగా ఆలోచించి రాశావా, లేక కలం ఎటు పోతే అటు పోయావా? గరగర అయితే బేరింగు. అది అన్ని గేర్లలోనూ వినిపిస్తుంది, వేగంతో పెరుగుతుంది. గలగల అయితే చైనో క్లచ్చో. కరకర అంటే ఇనుము ఇనుమును కొరుకుతోంది. అది ఒక్క గేరులోనే, బరువు పడినప్పుడే వస్తోందంటే, ఆ గేరు పక్కగేరును పూర్తిగా పట్టుకోవడం లేదు, చివళ్ళతో వేలాడుతోంది.

అలాగని పరుగెత్తి ఇంజను చీల్చకు. తప్పు ఇంటి బయట ఉందేమో ముందు చూడు. చైను బిగువు చూడు. క్లచ్చి పూర్తిగా విడుతోందా చూడు. పడ్డ బండి కదా, గేరు పెడలు కడ్డీ వంగిందేమో చూడు. అవన్నీ అయ్యాక ఇంజను వేడిగా ఉండగానే ఆయిలు దింపు, తెల్లటి పళ్ళెంలోకి. డ్రైన్ బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది, దాన్ని గుడ్డతో తుడిచేశావంటే మాత్రం నేను ఇక్కణ్ణుంచే మొట్టికాయ వేస్తాను. బూడిదలాంటి పొడి ఉంటే మామూలు అరుగుదల. ముక్కలు ఉంటే లోపల ఏదో చచ్చింది. ఆ ముక్కల ఆకారం నాకు రాయి.

నువ్వు తేల్చగలవు. చిన్నప్పుడు పదో నంబరు పానాలాగే బల్లల కింద దూరి కనబడకుండా పోయేదానివని నీకు ఆ పేరు పెట్టాను. పానాల్లో ఎక్కువ అవసరపడేది కూడా పదో నంబరేనని అప్పుడు నీకు చెప్పలేదు.

పెదనాన్న


షెడ్డు,
బుధవారం

పెదనాన్నా,

కరకర ఆలోచించే రాశాను. నువ్వు అడుగుతావని తెలిసి మర్నాడు మళ్ళీ నడిపి చూశాను. కరకరే.

చైను సరిగ్గా ఉంది. క్లచ్చి శుభ్రంగా విడుతోంది. పెడలు కడ్డీ కొంచెం వంగింది కానీ అది పడ్డప్పటి దెబ్బ. వంపు దగ్గర గీతలు కొత్తవి, తుప్పు లేదు. వెల్డరు దాన్ని సరిచేశాక కూడా గేరు ఊడుతూనే ఉంది. అంటే తప్పు ఇంటి లోపలే.

ఆయిలు దింపాను. పళ్ళెం అత్తయ్య ఇచ్చిందే, ఇక దాన్లో అన్నం తినలేం, చెప్పకు. అయస్కాంతం మీద బూడిద పొడి కొంచెమే. దాని మధ్య రెండు రకాల ముక్కలు దొరికాయి. ఒక రకం బియ్యపు నూకలంత, ఒక పక్క మెరుస్తూ. అవి ఏడు ఉన్నాయి. రెండోది ఒకటే. పల్చగా, వంపు తిరిగి, కత్తిరించి పడేసిన గోరులా ఉంది. నూకలు గేరు కొమ్ములవి అనుకుంటాను, పక్కగేరు కన్నాల్లోకి దూరి పట్టుకునే కొమ్ములు ఉంటాయే, వాటి అంచులు. గోరు మాత్రం ఏమిటో తెలిసినట్టే ఉంది గానీ నీ నోటితో వినాలని ఉంది.

టీచరమ్మ వచ్చారు. చెయ్యి మెడకు వేలాడుతోంది. స్టూలు మీద కూర్చుని బండినే చూస్తూ, ఆ వంపు దగ్గర తను ఏం చేశారో లెక్కలా అంచెలంచెలుగా చెప్పారు. క్లచ్చి ఎప్పుడు పట్టుకున్నారో, ఎంతసేపటికి వదిలారో, అన్నీ. చివర్న చాలా చిన్న గొంతుతో, “నిజం చెప్పమ్మా, నేనే తప్పు వేశానా? అందరూ అంటుంటే నాకే అనుమానం వస్తోంది” అని అడిగారు.  పదేళ్ళుగా ఒక్క గేరు తప్పని మనిషి తనని తాను నమ్మలేకపోతోంది. తేల్చి చెబుతానని మాటిచ్చాను.

రేపటి నుంచి ఇంజను విప్పుతాను. నువ్వు నేర్పిన వరసలోనే. తీసిన ప్రతి బోల్టూ అట్టముక్క మీద దాని కన్నంలోనే గుచ్చిపెడతాను. వేరే షెడ్డువాళ్ళు డబ్బాలో పోసి తర్వాత వెతుక్కోవడం చూస్తే, నీ దగ్గర నేర్చుకున్నందుకు ఎంత గర్వంగా ఉంటుందో.

నీ
పదో నంబరు


చెల్లెలి ఇల్లు,
శనివారం

అమ్మలూ,

గోరు ముక్క అన్నావు. అది లాకు రింగు ముక్క. గేరు షాఫ్టు మీద పక్కకు జరగకుండా, గాడిలో కూర్చుని ఆపే రింగు. నీకు తెలుసు. తెలిసీ నా నోటితో వినాలనుకున్నావు.

విప్పు. రెండో గేరు పక్క రింగు మిగతా భాగం గాడిలో ఉందా, బయట ఉందా చూడు. తాకకముందే దాని అంచు పదునెటు ఉందో చూడు. చూసి ఉన్నది ఉన్నట్టు రాయి.

ఈ గేరుబాక్సు చివరిసారి ఎవరు మూశారో పనుల పుస్తకం చూసి చెప్పు.

పెదనాన్న


షెడ్డు,
శుక్రవారం

పెదనాన్నా,

విప్పాను. రెండు రోజులు పట్టింది. కేసు రెండు చిప్పలుగా విడి, షాఫ్టులు రెండూ పక్కపక్కన బయటపడ్డప్పుడు ఎంత అందంగా ఉన్నాయో! ఇలాంటి పనిని ఒక మనిషి చేతులు అర్థం చేసుకోగలవంటే, ఆ చేతులు నీవే. నాకు తెలిసిన మేస్త్రీలందరిలో నీ అంతటివాడు లేడు. నీ కొలతలు, నీ ఓపిక, నీ శుభ్రం, ఎవరికుంటాయి? నిన్న వెల్డరుతో కూడా ఇదే అన్నాను. ఊఁ అన్నాడు.

నువ్వన్నట్టే అయింది. రెండో గేరు కొమ్ముల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. పక్కగేరును నెట్టే ఫోర్కు, రాపిడి వేడికి నీలం తిరిగింది. లాకు రింగు గాడిలోంచి బయటికి వచ్చి విరిగింది. అందుకే గేరు పక్కకు జరిగి, కొమ్ములు చివళ్ళతో వేలాడాయి. రింగు పాతబడి, ఉక్కు అలసిపోయి విరిగిందని నాకనిపిస్తోంది. అలాగే రిపోర్టు రాద్దామనుకుంటున్నాను. పాపం టీచరమ్మ, లైసెన్సు పోతుంది. కానీ తప్పు ఆవిడ చేతిలో లేదని ఆవిడకైనా తెలుస్తుంది కదా.

పనుల పుస్తకంలో ఆ పేజీ మీద ఆయిలు పడి అక్షరాలు చెరిగిపోయాయి. ఎవరు మూశారో తెలియలేదు.

ఎండలు ముదిరాయి. ఒంటి సంగతి చూసుకో.

నీ
పదో నంబరు


చెల్లెలి ఇల్లు, మేడ మీది గది,
సోమవారం

అమ్మలూ,

నా దగ్గర పదిహేనేళ్ళు పనిచేశావు. ఒక్కసారీ ముఖం మీద పొగడలేదు. మెచ్చుకోవాలనిపిస్తే టీ పెట్టేదానివి. ఇప్పుడు ఒక పేజీలో సగం నా చేతుల మీద రాశావంటే, ఏదో దాచావన్నమాట.

మన పుస్తకం పెన్సిలుతో రాస్తాం. ఎందుకు? ఆయిలు పడితే సిరా కరుగుతుంది, పెన్సిలు చెరగదు. ఆ మాట నీకు చెప్పింది నేనే. నువ్వు అబద్ధం ఆడటం కూడా నా దగ్గర నేర్చుకుని ఉంటే కాస్త బాగా ఆడేదానివి.

ఇక నేను దాచింది చెబుతాను. నీ మొదటి ఉత్తరంలో ఆకుపచ్చ బండి, రెండో గేరు అని చదవగానే నాకు అనుమానం వచ్చింది. గోరు ముక్క అన్నప్పుడు తెలిసిపోయింది. ఆ గేరుబాక్సు మూసింది నేను. పద్నాలుగు నెలల కిందట. గేరుబాక్సు కవరు లోపల కింది మూల నా గుర్తుగా సెంటర్ పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు నువ్వు చూశావు. చూసి, కవరు బోర్లా పెట్టి ఉంటావు.

రింగు పదును వెనక్కి తిరిగి ఉంది, కదూ? ప్రెస్సులో కొట్టిన రింగుకు ఒక పక్క అంచు గుండ్రం, ఇంకో పక్క పదును. గేరు నెట్టినప్పుడు గాడి గోడకు ఆనుకోవలసింది పదును పక్క. తిరగేసి పెడితే గుండ్రం పక్క ఆనుతుంది, నెట్టిన ప్రతిసారీ వెంట్రుకవాసి పైకి ఎక్కుతుంది, ఒకరోజు బయటికి వస్తుంది. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఇది నేర్పాను. రింగు చేతిలో పెట్టి, కళ్ళు మూసుకోమని, పదునెటు అని అడిగేవాణ్ణి. బొటనవేలు అంచు మీద జరిపి ఇటు అనేదానివి. కళ్ళు మోసం చేస్తాయి, వేలు చెయ్యదు అని చెప్పింది నేనే. ఇన్నేళ్ళుగా మన షెడ్డులో ప్రతి రింగూ ఆ ప్రశ్న అడిగాకే లోపలికి పోయింది.

ఆ రోజూ అడిగాను. నా వేలు ఇటు అంది. నేను నమ్మాను.

చెవులు పోయాయని అందరికీ చెప్పాను. వేళ్ళు పోయాయని ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఏడాదిగా చివళ్ళు మొద్దుబారుతున్నాయి. ఇన్నేళ్ళు గ్రైండరు పట్టిన చేతులకు అలా అవుతుందట. చెవులు పోయిన మేస్త్రీకి గౌరవం తగ్గదు, సైగలతో పని చెప్పవచ్చు. వేళ్ళు పోతే ఇంకేం మేస్త్రీ? సిగ్గేసింది. ఆ సిగ్గు వల్ల ఒక మనిషి ఎముక విరిగింది. ఇంకొంచెం తేడా అయితే మెడ విరిగేది. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పటి నుంచి అది తలచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

రిపోర్టు ఇలా రాయి. రింగు తిరగేసి బిగించారు. బిగించింది ఈ షెడ్డు మేస్త్రీ. నా పేరు పూర్తిగా రాయి, ఇంటిపేరుతో సహా. నడిపినావిడ తప్పు ఏమీ లేదని కింద గీత గీసి మరీ రాయి. విరిగిన రింగు, కవరు, మూడు చుక్కల ఫోటో జతచెయ్యి. షెడ్డుకు చెడ్డపేరు వస్తుంది. రానీ.

ఇంకోటి. వేళ్ళు మొద్దుబారడం మొదలైనప్పటి నుంచి పని మానేదాకా నేను మూసిన పెద్ద బళ్ళు దీనితో కలిపి పన్నెండు. పుస్తకంలో ఉన్నాయి, పెన్సిలుతో. మిగతా పదకొండింటినీ వెనక్కి పిలిపించు. ప్రతిదీ విప్పు. అప్పటిదాకా ఎవరినీ నడపనివ్వకు.

ఇంత రాశాక ఒక మాట రాయకపోతే నిద్రపట్టదు. శబ్దాన్ని సరిగ్గా విన్నావు, సరైన మాటలో పెట్టావు, బయటి నుంచి లోపలికి వరస తప్పకుండా వచ్చావు, ఏడు నూకలు లెక్కపెట్టావు. నేనైతే మూడు దగ్గరే ఆపేవాణ్ణి. నువ్వు నాకన్నా మంచి పనిమంతురాలివి. ఇది ముఖం మీద అనలేను, అందుకే ఉత్తరాల్లో ఉండటం ఒకందుకు మంచిదే అయింది.

పెదనాన్న


షెడ్డు,
గురువారం

పెదనాన్నా,

క్షమించు. కవరు బోర్లా పెట్టిన మాట నిజమే. మూడు చుక్కలు కనబడగానే పానా కింద పెట్టేశాను. ఆ సాయంత్రమంతా నీ స్టూలు మీద కూర్చుని, ఈ పేరు నేనెలా రాస్తాను అనుకున్నాను. టీచరమ్మకు ఇచ్చిన మాట ఒక పక్క, నువ్వు ఒక పక్క. నేను నీ పక్కకు జరిగాను. అది నిన్ను చిన్నబుచ్చడమేనని తోచలేదు.

నువ్వు చెప్పినట్టే రాశాను. పేరు రాసేటప్పుడు రెండుసార్లు పెన్సిలు ముక్కు విరిగింది. కమిటీ వాళ్ళు వచ్చి, షాఫ్టు చూసి, రింగు చూసి, కొమ్ముల అంచులు కొలుచుకుని వెళ్ళారు. టీచరమ్మ లైసెన్సు ఆవిడకే ఉంది. మన షెడ్డు ఆర్నెల్లు ట్రాకు బళ్ళు ముట్టుకోకూడదు. ఆ కాగితం వెల్డరు గోడకు అంటించాడు, అందరికీ కనబడేలా. ఎందుకని అడిగితే, “ఆయన దాచమనలేదుగా” అన్నాడు. నెలకి సరిపడా మాట్లాడేశాడు.

నేను భయపడిందల్లా టీచరమ్మ ఏమంటారోనని. ఆవిడ రింగు అడిగి తీసుకుని, కిటికీ దగ్గర చాలాసేపు తిప్పి చూశారు. నీ సంగతంతా చెప్పాను, వేళ్ళ సంగతి కూడా. కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. తర్వాత, “మా పిల్లల్లో జవాబు తప్పైతే పేజీ చింపేసేవాళ్ళు ఎక్కువ. ఏ మెట్టులో తప్పిందో తనే సున్నా చుట్టి చూపించినవాడికి నేను మార్కులు తియ్యను. ఆయనకి చెప్పు” అన్నారు. బండి మళ్ళీ మన దగ్గరే బిగించాలట.

బిగించాను. కొత్త గేర్లు, కొత్త ఫోర్కు, కొత్త రింగులు. రింగు వేసేముందు అలవాటుగా పైకే అనేశాను, పదునెటు అని. అడిగేవాడివి నువ్వు లేవు కదా, నాలో నేనే జవాబు చెప్పుకోబోతుంటే, వెనక నుంచి వెల్డరు వచ్చి వేలు పెట్టి చూసి, “ఇటు” అన్నాడు. ఇక నుంచి ఒక్కరి వేలు చాలదు, ఇద్దరు చూడాలి. కవరు లోపల నీ మూడు చుక్కల కింద నేనొక చుక్క కొట్టాను.

పదకొండు బళ్ళలో నాలుగు వచ్చాయి. నాలుగూ విప్పాను. అన్నిట్లో పదును సరైన పక్కనే ఉంది. ఇంకా ఏడు ఉన్నాయి. మేం ఇద్దరమే. నువ్వు వస్తావా? చేతులకని కాదు. కేసు విప్పాక నువ్వు ఎదురుగా కూర్చుని చూస్తుంటే నా పని వేరేలా ఉంటుంది. ఇది పొగడ్త కాదు, నేను టీ పెట్టే ఉంచాను, తాగడానికి నువ్వు లేవు.

కమిటీ వాళ్ళు తిరిగి ఇచ్చిన ఆ విరిగిన రింగు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

నీ
పదో నంబరు


చెల్లెలి ఇల్లు,
మంగళవారం

అమ్మలూ,

రింగు అందింది. టీచరమ్మ మాట చదువుతుంటే అక్షరాలు మసకబారాయి. కాసేపు ఆగి, మళ్ళీ చదువుకున్నాను. ఆవిడ ముందు నిలబడి చెప్పవలసిన మాట నాకొకటి ఉంది, అది ఉత్తరంలో పంపేది కాదు.

తర్వాత రింగు బొటనవేలి మీద పెట్టి జరిపాను. ఏమీ లేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. గాజు మీద గాజు. అంతలో మీ అత్తయ్య టీ పట్టుకొచ్చి, గ్లాసు చేతికివ్వకుండా, వేడిగా ఉంది, పెదవికి తగిలించి చూసుకుని తాగు అని సైగ చేసింది.

ఆ గ్లాసు పక్కన పెట్టేశాను. రింగు కింది పెదవికి ఆనించి, మెల్లగా జరిపాను. గుండ్రం. తిప్పి మళ్ళీ జరిపాను. చురుక్కుమంది.

మళ్ళీ మళ్ళీ చూశాను. కళ్ళు మూసుకుని, తిప్పి, తిప్పి, ఇరవైసార్లు. ఇరవైసార్లూ తెలిసింది. ముసలాడు ఇనుపముక్కను ముద్దు పెట్టుకుంటున్నాడని మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. నువ్వు నవ్వకు. వెల్డరును కూడా నవ్వనివ్వకు.

ఎల్లుండి బస్సుకి వస్తున్నాను. మిగిలిన ఏడింటికీ పదునెటు అని నువ్వే అడగాలి. ముందు నీ వేలు చెప్పాలి, తర్వాత వెల్డరు వేలు, చివర్న నా పెదవి. రింగులు మాత్రం కిరసనాయిలుతో కాకుండా సబ్బుతో కడిగి ఉంచు.

పెదనాన్న